కిషన్‌బాగ్ కబురు

ఎవరైనా కష్టంలో ఉన్నారని చెవిన పడితే గోపాలకృష్ణమూర్తికి కాలు నిలవదు. మంచి గుణమే, కాదనడానికి లేదు. కాకపోతే ఆ మంచి గుణం ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడేస్తుంటుంది. రెండు వేల సంవత్సరం ఆగస్టులో, రాత్రంతా కుండపోతగా కురిసిన వాన తెల్లారినా తెరిపి ఇవ్వని రోజున, ఆయన ఎప్పటిలాగే ఏడింటికి పొట్టమీద ఇన్సులిన్ సూది పొడుచుకుని ఉప్మా కోసం కూర్చున్నాడు. అప్పుడే కింద వాటాలో ఎవరో అంటున్నారు, మూసీ పొంగి కిషన్‌బాగ్ పల్లపు గల్లీల్లోకి నీళ్ళొచ్చాయని.

"ఆగయ్య ఇల్లు అక్కడే కదూ?" అని లేచాడాయన.

ఆగయ్య ఆయన ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైనవాడు. పాతికేళ్ళ కిందట ఉద్యోగం కోసం ఈయన కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్ళో ఉండటానికి చోటు చూపించినవాడు. అందుకని ఆగయ్య పేరెత్తితే గోపాలకృష్ణమూర్తిని ఆపడం ఎవరి తరమూ కాదు.

"సూది వేసుకున్నారు. రెండు ముద్దలు తిని వెళ్ళండి" అంది భార్య హైమవతి, పొయ్యి దగ్గర నుంచే.

"ఆగయ్య ఇంట్లో ఏదో ఒకటి తింటాలే."

ఆవిడ టిఫిన్ డబ్బాతో మెట్లు దిగేసరికి గొడుగు సందు మలుపు తిరిగిపోయింది. ఇన్సులిన్ వేసుకున్న మనిషి వేళకు తినకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండుసార్లు చూశారు. చెమటలు పట్టి, మాట తడబడి, ఆ తరవాత పిలిచినా పలకడు. నోట్లో పంచదార వేస్తే లేచి కూర్చుంటాడు. వెయ్యడానికి పక్కన మనిషి ఉండాలి, అంతే.

వాళ్ళమ్మాయి హరిప్రియ మాత్రం ఆ పొద్దున పెద్దగా బెంగపడలేదు. ఎనిమిది దాటగానే కింద నుంచి శారదమ్మ కేకేసింది. శారదమ్మ ఆ ఇంటి యజమానురాలు. వెనక దొడ్లో బర్రెలు, ముందు గదిలో పాల క్యాన్లు, ఆ క్యాన్ల పక్కన ఫోను. మేడమీద అద్దెకుండే హైమవతి వాళ్ళకు ఫోను లేదు కాబట్టి చుట్టాలందరి దగ్గరా వాళ్ళ పేరు ఎదురుగా రాసుండేది శారదమ్మ నంబరే. ఎవరికైనా కబురు వస్తే ఆవిడ రిసీవరు పక్కన పెట్టి కేక వేసేది, పాపం, పాలు పితికే వేళైనా విసుక్కునేది కాదు.

"హైమక్కా, సారు మంచిగ చేరిండంట! కిషన్‌బాగ్ ఇస్కూల్ల ఉన్నడంట. ఆగయ్య గూడ ఆడనే ఉన్నడంట. రాహేలు ఫోన్ జేసి అమరనాథ్‌కు జెప్పింది, అమరనాథ్ నాకు జెప్పిండు."

రాహేలు ఆ స్కూల్లో ఆయా. అమరనాథ్‌ది బహదూర్‌పురా చౌరస్తాలో మందుల దుకాణం. గోపాలకృష్ణమూర్తి సూదులూ మాత్రలూ అక్కడే కొంటాడు. రాహేలు తన కళ్ళతో చూసి చెప్పిన మాట కాబట్టి ఆ కబురు నూటికి నూరుపాళ్ళూ నిజమే. హరిప్రియ ఊపిరి పీల్చుకుని, శారదమ్మ కొడుకు కొండల్ పాల ట్రాలీ ఎక్కి, మోకాలి లోతు నీళ్ళలో ఆఫీసుకు పోయింది.

ఆఫీసంటే పత్తర్‌గట్టిలో పెళ్ళిబట్టల దుకాణం పైన ఒక చిన్న సహకార బ్యాంకు. హెడ్డాఫీసు అది. శాఖలు రెండు, బహదూర్‌పురాలో ఒకటి, కిషన్‌బాగ్‌లో ఒకటి. ఈ మూడు చోట్లా కంప్యూటర్లు పెట్టి, ఒక చోటి సమాచారాన్ని ఇంకో చోటికి దారి పట్టించే రౌటర్ డబ్బా ఒక్కోటి పెట్టి, లైను లాగించి కలిపింది హరిప్రియే. పత్తర్‌గట్టి నుంచి బహదూర్‌పురాకు ఒక లైను, అక్కడి నుంచి కిషన్‌బాగ్‌కు ఇంకొకటి. డబ్బాలు పాతవి. కొత్తవి కొనమంటే డైరెక్టర్లు కిటికీలోంచి చార్మినార్ వైపు చూస్తారు.

రౌటర్ అంటే అదేదో మహా తెలివైన వస్తువు అనుకుంటారు గానీ, అలాంటి చిన్న నెట్‌వర్కుల్లో దాని తెలివి చాలా తక్కువ. దానికి ఊరి పటం తెలియదు. పక్కనున్న డబ్బా ఏం చెబితే అదే వేదం. ప్రతి అర నిమిషానికీ ప్రతి డబ్బా తన ఇరుగుపొరుగులకు ఒక మాట చెబుతుంది, నా మీదుగా ఫలానా చోటికి ఇన్ని మజిలీలు అని. విన్న డబ్బా దానికి ఒకటి కలిపి తన దగ్గర పెట్టుకుంటుంది, మళ్ళీ తన పక్కవాళ్ళకు చెబుతుంది. పాతబస్తీలో అడ్రసు పట్టుకుని తిరిగినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఎవరూ ఇల్లు చూపించరు, ఆ మలుపు దాకా పోయి అక్కడ అడగమంటారు. అందరూ నిజం చెప్పినన్నాళ్ళూ ఇల్లు దొరుకుతుంది కూడా.

తొమ్మిది దాటాక మేనేజరు వైకుంఠం పిలిచాడు. "హరిప్రియా, కిషన్‌బాగ్ బ్రాంచి పల్కుత లేదమ్మా. ఏందో సూడు."

ఆమె రౌటర్ తెర తెరిచింది. కిషన్‌బాగ్ ఎదురుగా ఎప్పుడూ రెండు ఉండాలి. బహదూర్‌పురా ఒక మజిలీ, కిషన్‌బాగ్ రెండోది. ఇప్పుడు నాలుగు ఉంది. చూస్తుండగా ఆరైంది.

"ఆరైందా? అంటే దూరమైనా దారైతే ఉన్నట్టే గదా?" అన్నాడు వైకుంఠం ఆశగా.

"లేదు సార్. లైను తెగిపోయింది. ఇవి రెండూ ఒకదాన్నొకటి నమ్ముకుంటున్నాయి."

"గదెట్ల?"

"బహదూర్‌పురా డబ్బాకు లైను తెగిన సంగతి తెలుసు. కానీ అదే సమయానికి మన డబ్బా దానికి చెప్పింది, కిషన్‌బాగ్‌కు నా దగ్గర దారుంది, రెండే మజిలీలు అని. ఆ దారి తన మీదుగానే పోతుందని దానికి తెలియదు. మనది దూరం మాత్రమే చెబుతుంది, ఎటునుంచో చెప్పదు. అది సంతోషించి, అయితే నాకు మూడు అని రాసుకుంది. ఆ మూడు విని మనది నాలుగు చేసుకుంది. దాంతో అది అయిదు, మనది ఆరు. అసలు కబురు ఎప్పుడో చచ్చిపోయింది సార్. దాని అరుపే దానికి తిరిగొస్తోంది."

"మరి మనం పంపేదంత ఏడికి పోతది?"

"మనం బహదూర్‌పురాకు పంపుతాం, అది మనకే తిప్పి పంపుతుంది. అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి మాయమైపోతుంది."

ఎనిమిది. పది. వైకుంఠం కుర్చీ లాక్కుని క్రికెట్ స్కోరు చూసినట్టు చూస్తున్నాడు. "ఎప్పటిదాక పెరుగుతది గిట్ల?"

"పదహారు. పదహారంటే దారి లేదని అర్థం. చిన్న నెట్‌వర్కుల్లో దూరం పదిహేను మజిలీలు మించదని దీన్ని తయారుచేసినవాళ్ళు ముందే ఒక హద్దు పెట్టుకున్నారు. లేకపోతే ఇవి జన్మంతా ఇలా నమ్ముకుంటూనే ఉంటాయి."

"దీనికి మందేం లేదా?"

"ఉంది. ఎవరు చెప్పిన మాటను వాళ్ళకే తిరిగి కబురుగా చెప్పకూడదు. ఇంకోటి, లైను తెగినవాడు నోరు మూసుకుని కూర్చోకుండా, నా దగ్గర లేదు అని వెంటనే గట్టిగా చెప్పాలి. మన డబ్బాల్లో ఈ రెండు సదుపాయాలూ లేవు."

వైకుంఠం నవ్వాడు. "మనుషులే జెప్పరమ్మా నా దగ్గర లేదని. డబ్బాలేం జెప్తయి?"

తెరమీద పదహారు పడింది. కాసేపటికి ఆ వరుసే మాయమైంది. ఆమె టెలిఫోన్ వాళ్ళకు ఫోన్ చేస్తే, కిషన్‌బాగ్ వైపు కేబుల్ గొయ్యి మునిగిందని, ఆ పేటలో తొమ్మిదింటి నుంచి ఒక్క ఫోను కూడా మోగడం లేదని చెప్పారు. హరిప్రియ ఆ సంగతి వైకుంఠానికి చెప్పి, మిగతా పనిలో పడింది. ఒక్క ఫోను కూడా అంటే స్కూలు ఫోను కూడా కదా అని ఆమెకు తట్టలేదు. ఎంత చదువుకున్నవాళ్ళకైనా ఆఫీసు బుర్ర వేరు, ఇంటి బుర్ర వేరు. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లోకి రమ్మన్నప్పుడు రాదు.

మధ్యాహ్నం ఆమే ఇంటికి ఫోన్ చేసింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా" అంది శారదమ్మ. "సారు ఇస్కూల్లనే ఉన్నడు. అమరనాథ్‌ను ఇప్పుడే అడిగిన. అయినా మీ అమ్మ ఒక్క తీరుగ ఏడుస్తున్నదని మా కొండల్ బండి తీసిండు, పోయి తోల్కొస్తనని."

"వద్దులెండి, నీళ్ళలో ఎందుకు? వాన తగ్గాక వస్తారు" అంది హరిప్రియ. అని, వెంటనే, "ఏమైనా తిన్నారటా?" అని అడిగింది.

"అదే మీ అమ్మ గూడ అడుగుతున్నది. కనుక్కుంట."

ఒంటిగంటకు శారదమ్మే ఫోన్ చేసింది. గొంతులో పండగ. "తిన్నడంట! ఇస్కూల్ల అందరికి పులిహోర పెట్టిన్రంట. సారు మంచిగ తిని కూసున్నడంట. కొండల్‌ను గూడ ఆపిన, సారే మంచిగుంటె నీళ్ళల్ల పడి ఎందుకు పోవుడని."

హరిప్రియకు అప్పటిదాకా ఆకలి తెలియలేదు. తండ్రి తిన్నాడని విన్నాక డబ్బా తెరిచి, పొద్దుటి ఉప్మా చల్లారి గడ్డకట్టినా సరే, చివరి మెతుకు దాకా తిన్నది. వైకుంఠంతో జోకులు కూడా వేసింది.

రెండున్నర అప్పుడు మళ్ళీ ఫోను. ఈసారి శారదమ్మ కబురు ఇంకా పెరిగింది. సారు స్కూల్లో లేడట, స్కూలు పక్కన ఎవరిదో మేడ ఇల్లుంటే వాళ్ళు తీసుకుపోయి పడుకోబెట్టారట. వాన తగ్గాక వాళ్ళ మనిషే తోడొచ్చి దించుతాడట.

"ఎవరి ఇల్లటండీ?"

"గదెవరో పేరు గుర్తులేదు బిడ్డా. అమరనాథ్‌కు తెలుసు."

పొద్దున స్కూలు. ఇప్పుడు స్కూలు పక్కన ఎవరిదో మేడ. రేపు పొద్దుటికి ఆ మేడవాళ్ళ చుట్టాల ఇల్లు అవుతుంది.  కబురు నడుస్తోంది, తండ్రి మాత్రం దూరమైపోతున్నాడు. పొద్దున తెరమీద తను చూసిందేమిటి? నాలుగు, ఆరు, ఎనిమిది. కిషన్‌బాగ్‌లో తొమ్మిదింటి నుంచి ఒక్క ఫోనూ లేదని తనే కదా వైకుంఠానికి చెప్పింది! మరి పులిహోర సంగతి ఎవరు చెప్పారు?

అమరనాథ్‌కు ఫోన్ చేసింది.

"అమరనాథ్ గారూ, నాన్న తిన్నారని మీకెవరు చెప్పారు?"

"అదే అమ్మా, శారదమ్మ జెప్పింది గదా. పొద్దుగాలటి నుంచి నేనైతే ఇస్కూల్‌కు కొడ్తనే ఉన్న, లైన్ కలుస్తలేదు. రెండింటికి శారదమ్మకు జేసి, ఏమన్న తెలిసిందా అంటే, మంచిగ తిని కూసున్నడంట అన్నది."

"శారదమ్మ గారు మీరు చెప్పారంటున్నారు."



"నేనా? నేనేమన్న అంటే... ఆమె అడిగింది, సారు తిన్నడా అని. తినే ఉంటడు తియ్యి, గసుంటి టైముల ఇస్కూళ్ళల్ల పులిహోర పెడ్తరు గదా అన్న. ఏమనాలె మరి? మీ అమ్మ ఏడుస్తున్నదని ఆమె అడుగుతుంటె, నాకు తెల్వదని ఎట్లంట?"

"ఆ మేడ ఇల్లు?"

"ఇస్కూల్ల అంతసేపు నేలమీద ఎట్ల కూసుంటడు, ఎవరన్న ఇంట్లకు తోల్కపోయి ఉంటరని... గట్ల అన్నమ్మా. అంతే."

అబద్ధాలకోరులైతే తిట్టుకోవచ్చు. వీళ్ళందరూ మంచివాళ్ళు, అదే వచ్చిన చిక్కు. మన ఇళ్ళల్లో లేదు అనే మాట ఎవరి నోటా రాదు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. గడప దాటేవాడు పోతున్నాననడు, వస్తాననే అంటాడు. అమరనాథ్ దుకాణంలో లేని మందు అడిగితే ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లేదనలేదు, పొద్దుమూకి వస్తది అనేవాడు. ఇక వానలో పోయిన మనిషి గురించి, మా దగ్గర లేడు, మాకు తెలియదు అని ఆ మనిషి భార్యతో చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? హైమవతి బెంగతో వేసిన ప్రశ్న శారదమ్మ దగ్గరికి, అక్కడి నుంచి అమరనాథ్ దగ్గరికి పోయి, జాలి అంటించుకుని జవాబుగా తిరిగొచ్చింది. ఆ జవాబు విని అందరూ నిశ్చింతగా కూర్చున్నారు. ఏడింటికి సూది వేసుకున్న మనిషి ఎక్కడున్నాడో మాత్రం వీళ్ళలో ఒక్కరికీ తెలియదు. హరిప్రియకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. తను మాత్రం? ఒక్కసారైనా అడిగిందా, ఎవరు చూశారని?

"అమరనాథ్ గారూ, దయచేసి ఒక్క పని చెయ్యండి. ఇక ఎవరు అడిగినా, నేను చూడలేదు, నాకు తెలియదు అని చెప్పండి. ఇంకే మాటా కలపకండి."

"గట్లెట్లనమ్మా, అపశకునం..."

"చెప్పండి. నాతో ఒకసారి చెప్పండి."

"నాకు... తెల్వదమ్మా సారు ఏడున్నడో." ఆ మాట అన్నాక ఆయన గొంతే మారిపోయింది. "అరె, నిజంగనే తెల్వదు గదా. ఎవ్వరికి తెల్వదు గదా!" ఫోను పెట్టేసిన చప్పుడు.

తరవాత శారదమ్మ నంబరు. తల్లిని పిలవమంది. హైమవతి మెట్లు దిగి వచ్చేదాకా బర్రెలు అరవడం వినిపిస్తూ ఉంది.

"అమ్మా, నాన్న ఎక్కడున్నారో మనకు తెలియదు. పొద్దున ఎనిమిదింటి తరవాత ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు."

"అదేమిటే, పులిహోర తిని పడుకున్నారని శారద ఇప్పుడే..."

"శారదమ్మ గారికి తెలియదు. అమరనాథ్‌కీ తెలియదు. మనం కూడా తెలియదనే అనుకోవాలి. అనుకుంటేనే ఎవరైనా వెతకడానికి కదులుతారు."

"ఛీ, ఏం మాటలే అవి! మనిషి ఇంటికి రాకముందే ఆ పాడు నోరేమిటి? చక్కగా ఉన్నారని నలుగురూ చెబుతుంటే నీకొచ్చిన రోగమేమిటి?"

"ఆ నలుగురికీ చెప్పింది ఆ నలుగురేనమ్మా!" అని అరిచింది హరిప్రియ. బ్యాంకులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె తల్లి మీద గొంతు పెంచడం అదే మొదలు.

అటువైపు ఫోను చేతులు మారింది. కొండల్. పక్కనే నిలబడి విన్నట్టున్నాడు. "అక్కా, ఎవ్వరు సూడలేదా?"

"ఎవరూ చూడలేదు."

"గట్లనా! పన్నెండింటికే బండి తీస్తి గదా నేను, మా అమ్మ ఆపె..." మిగతా మాట వినిపించలేదు. రిసీవరు వేలాడుతూ వదిలేసి పోయాడు.

ఆ రిసీవరులోంచి హరిప్రియకు బండి స్టార్టవడం, శారదమ్మ ఎవరినో తిట్టడం, వాళ్ళమ్మ ఏడుపు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. వైకుంఠం ఎప్పుడు వచ్చాడో, గొడుగు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

ఆమె ఇంకా మెట్లు దిగనే లేదు, అమరనాథ్ నుంచి బ్యాంకుకు ఫోను వచ్చింది.

"దొరికిండమ్మా!"

"మీరు చూశారా?"

"సూసిన. నేనే ఎత్తిన. మా దుకాణం ఎనకనే, పిండిగిర్ని అరుగు మీద పడి ఉన్నడు. గిర్ని బంద్ ఉండె గదా వానకు, ఎవ్వరు సూడలే. పిలిస్తే పల్కుత లేడమ్మా. చక్కెర పెట్టినం నోట్ల, మింగుత లేడు. ఆటోల ఏస్తున్నం." ఆయన ఏడుస్తున్నాడు. "నా దుకాణానికే వస్తున్నట్టుండె సారు. ఇరవై అడుగులు రాలేకపోయిండు. నేను లోపల కూసుండి ఇస్కూల్ల ఉన్నడని జెప్తున్న!"

ఆ తరవాత తెలిసింది, అంతా కలిపి చూస్తే చాలా చిన్న సంగతి. ఆగయ్య స్కూల్లో క్షేమంగా ఉండటం చూసి, గోపాలకృష్ణమూర్తి తొమ్మిదింటికే తిరుగుముఖం పట్టాడు. ఏదైనా తిని పొమ్మంటే, ఇంటికెళ్ళి ఉప్మా తింటానన్నాడట. రాహేలు ఆ సంగతి అమరనాథ్‌కు చెబుదామని ఫోను ఎత్తింది. అప్పటికే లైను పోయింది.

చౌరస్తాకు దగ్గర్లోని నర్సింగ్ హోముకు హరిప్రియ చేరేసరికి ఆయన చేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. చలికి పెదవులు నల్లబడ్డాయి. చొక్కా మీద బురద ఎండలేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ వాటిలో ఆయన లేడు. హైమవతి మంచం కోళ్ళ దగ్గర నిలబడి, ఆయన పాదాలు రెండూ కొంగుతో రుద్దుతోంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. "షుగర్ బాగా పడిపోయింది. ఎక్కిస్తున్నా ఇంకా తెలివి రావడం లేదు. చివరగా ఎప్పుడు తిన్నారు?"

"ఒంటిగంటకు తిన్నారండీ" అంది హైమవతి. "పులిహోర."

డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. "ఒంటిగంటకు తిన్నారా? అలా అయితే ఇంతసేపు తెలివి లేకుండా ఉండటానికి షుగర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పడ్డప్పుడు తలకు దెబ్బేమైనా తగిలిందేమో. ఇక్కడ పెట్టుకోకుండా స్కానింగుకు పెద్దాసుపత్రికి..."

"తినలేదండీ" అంది హరిప్రియ. "పొద్దున ఏడింటికి ఇన్సులిన్ వేసుకున్నారు. ఆ తరవాత ఏమీ తినలేదు."

"శారద చెప్పింది కదే..."

చెప్పకుండా ఉండగలిగితే బాగుండునని హరిప్రియకు ఎంతగానో అనిపించింది. "శారదమ్మ గారికి అమరనాథ్ చెప్పాడు. అమరనాథ్‌ను అడిగింది శారదమ్మ గారు. శారదమ్మ గారిని అడిగింది నువ్వూ నేనూ. అది మన మాటే అమ్మా. మనం అడిగిందే మనకు తిరిగొచ్చింది."

డాక్టరు తల్లి వంకా కూతురి వంకా చూసి, ఏం అర్థం చేసుకుందో ఏమో, నర్సును పిలిచి ఇంకో మందు ఇవ్వమంది. "అయితే గంటల తరబడి అలాగే ఉన్నారన్నమాట. మెదడు అంతసేపు తట్టుకోవాలి. రేపటిదాకా ఏమీ చెప్పలేను. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే..." అంటూ ఆ వాక్యం పూర్తి చేయకుండా పక్క మంచానికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. వాన పల్చబడింది.  హైమవతి కూతురి వైపు చూడకుండానే అడిగింది.

"తిన్నారా అని నేను అడక్కపోతే, కొండల్ పన్నెండింటికే వెళ్ళేవాడు కదూ?"

అమరనాథ్ చేత చెప్పలేని మాట చెప్పించిన హరిప్రియకు ఇప్పుడు తన వంతు వచ్చింది. లేదమ్మా అంటే ఒక్క ముక్కతో పోతుంది. ఆ ఒక్క ముక్క ఎక్కడెక్కడికి పోయి, ఏమై తిరిగొస్తుందో ఆమెకు ఇప్పుడు తెలుసు.

"వెళ్ళేవాడమ్మా. నేను కూడా వద్దన్నాను."

హైమవతి తలూపింది. కూతురి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

తడి చీరతోనే శారదమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. గదిలోకి తొంగి చూసి, కళ్ళు తుడుచుకుని, ఎప్పటి అలవాటు చొప్పున దగ్గరికి వచ్చి హైమవతి భుజం పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు హైమక్కా. లేస్తడు సారు. రేపటికల్ల లేసి కూసుంటడు."

హైమవతి తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"ఎవరు చెప్పారు శారదా నీకు?"

 శారదమ్మ బల్ల మీద వాళ్ళ పక్కనే కూర్చుని, "ఎవ్వరు జెప్పలేదక్కా" అంది.